వాడిన వెబర్ 32/36 కార్బ్యురేటర్‌ను ప్రీమియర్ 118ఎన్‌ఈకి అమర్చడం (విశాఖ)

మధురవాడ_118 | శనివారం, రాత్రి 8:10

అందరికీ నమస్కారం. మా నాన్నగారు 1988లో కొన్న ప్రీమియర్ 118ఎన్‌ఈ కారు మా ఇంట్లో ఉంది. ఫియట్ 124 ఒళ్లు, నిస్సాన్ ఏ12 ఇంజిన్, 1171 సీసీ. ఆయన షిప్‌యార్డ్ ఉద్యోగానికి గాజువాక నుంచి ఏళ్ల తరబడి తిరిగిన బండి ఇది. ఆయన పోయాక మూడేళ్లు షెడ్డులోనే నిలిచిపోయింది. ఇప్పుడు దాన్ని మళ్లీ రోడ్డెక్కించాలని కూర్చున్నాను.

చెన్నై పుదుపేటలో వాడిన వెబర్ 32/36 డీజీవీ కార్బ్యురేటర్ (గాలిలో పెట్రోల్ కలిపి ఇంజిన్‌కు అందించే భాగం) ఒకటి దొరికింది. దాన్ని డాట్సన్ ఏ సిరీస్ ఇంజిన్లకు (నా ఏ12 ఆ కోవలోదే) బిగించడానికి విదేశాల్లో అమ్మే రెండు ముక్కల అడాప్టర్ ప్లేటు, ఒక రిపేరు కిట్టు కూడా సంపాదించాను. విప్పే ముందు ఏమేం చూసుకోవాలో, ఈ 32/36 కొలత నా ఇంజిన్‌కు సరిపోతుందో లేదో అనుభవం ఉన్నవారు చెప్పాలని కోరుతున్నాను.

సీతమ్మధార_అంబాసిడర్ | శనివారం, రాత్రి 9:02

బాబూ, నా అభిప్రాయం కొంచెం భిన్నమైనది. బండితో వచ్చిన కార్బ్యురేటర్‌ను బాగు చేయించుకోవడమే ఎప్పుడూ మేలు. ఎవరి బండికో కొని, ఎవరో విప్పి, ఎందుకో పారేసిన వస్తువు అది. దాని రోగాలన్నీ నీ ఇంజిన్‌కు అంటుకుంటాయి. నా అంబాసిడర్‌కు థ్రాటిల్ షాఫ్ట్ (పెడల్ తొక్కితే కార్బ్యురేటర్‌లో తిరిగే ఇరుసు) బుష్‌లు కొట్టించి కొత్త ప్యాకింగ్‌లు వేయించాను, అప్పటి నుంచి ఏ ఇబ్బందీ లేదు. పాతదాన్ని ముందుగా ఒక మంచి లేత్ షాపుకు ఎందుకు తీసుకువెళ్లలేదు?

మధురవాడ_118 | శనివారం, రాత్రి 9:20

తీసుకువెళ్లాను సార్. పాత కార్బ్యురేటర్‌కు మానిఫోల్డ్ (ఇంజిన్‌లోకి గాలి వెళ్లే గొట్టం) మీద కూర్చునే ఫ్లాంజ్, అంటే బోల్టులు బిగించే అడుగు పలక, దాని చెవి ఒకటి ఎప్పుడో విరిగితే ఎవరో అరల్డైట్‌తో అతికించారు. బిగించిన ప్రతిసారీ ఆ అతుకు విచ్చుకుంటోంది. బాడీయే పోయినప్పుడు లోపల ఎంత శుభ్రం చేసినా ఫలితం లేదని లేత్ షాపువారు కూడా అన్నారు. అయినా దాన్ని పారేయలేదు, భద్రంగా దాచాను.

ఆటోనగర్_మేస్త్రి | ఆదివారం, ఉదయం 6:45

తమ్ముడూ, ఆ పరిస్థితిలో నువ్వు చేసింది సరైన పనే. ఇక వాడిన వెబర్ చేతికి వచ్చాక కిట్టు విప్పడానికి తొందరపడకు, ముందు బాడీని చూడు.

కింది ఫ్లాంజ్ అంచు మీద 32/36 డీజీవీ అనీ, దాని పక్కన ఒక అంకె, అక్షరమూ కొట్టి ఉండాలి. పాతవాటి మీద ఇటలీ అని, తరువాతి వాటి మీద స్పెయిన్ అని ఉంటుంది. ఏ గుర్తూ లేకుండా నున్నగా మెరిసిపోతుంటే అది నకలు కావచ్చు. నకలుతో బండి నడవదని అనను గాని, దానిలోని జెట్ల (పెట్రోల్‌ను కొలిచి వదిలే రంధ్రమున్న చిన్న ఇత్తడి ముక్కల) మీద రాసిన అంకెలను నమ్మలేం.

తరువాత థ్రాటిల్ షాఫ్ట్ చివరను రెండు వేళ్లతో పట్టుకుని పైకీ కిందికీ ఆడించు. గాలి దారిని తెరిచి మూసే పలక, అంటే బటర్‌ఫ్లై, మూసి ఉన్నప్పుడు షాఫ్ట్ కటకటలాడితే ఆ సందులోంచి గాలి లాగుతుంది, అప్పుడు ఐడిలింగ్ (పెడల్ తొక్కకుండా ఇంజిన్ తిరగడం) ఎన్నటికీ నిలవదు. బుష్ వేయించాలంటే బటర్‌ఫ్లై స్క్రూలు తీయాలి. అవి ఊడకుండా వాటి చివరలను కంపెనీలోనే నలగగొట్టి ఉంటారు. ఆ నలిగిన కొసలను ఆకురాయితో అరగదీయకుండా తిప్పితే స్క్రూ షాఫ్ట్‌లోనే విరుగుతుంది. తిరిగి వేసేటప్పుడు లాక్‌టైట్ (స్క్రూ వదులు కాకుండా పట్టే జిగురు) పూసి, కొసను మళ్లీ నలగగొట్టాలి. ఆ చిన్న స్క్రూ ఒక్కటి ఊడి ఇంజిన్‌లో పడితే పిస్టన్ పోతుంది. ముప్పై ఏళ్లలో నేను రెండుసార్లు చూశాను, రెండూ వేరే చోట తొందరగా చేసిన పనులే.

చివరగా, మందపాటి అద్దం ముక్క మీద సన్నని తడి ఎమరీ కాగితం పరిచి, ఫ్లాంజ్‌ను దాని మీద నాలుగుసార్లు ఎనిమిది అంకె ఆకారంలో తిప్పి చూడు. మూలలు మాత్రమే మెరిసి మధ్య నల్లగా మిగిలితే, ఎవరో బోల్టులు అతిగా బిగించి ఫ్లాంజ్‌ను వంచారన్న మాట. అంతటా సమానంగా మెరిసేదాకా తిప్పాలి. పై మూతకు కూడా ఇదే పరీక్ష.

భీమిలి_పద్మిని | ఆదివారం, ఉదయం 10:30

మేస్త్రి గారు చెప్పినవాటికి సముద్రం పక్కన ఉన్నవాళ్లం ఒకటి చేర్చుకోవాలి. నా ప్రీమియర్ పద్మిని రెండు నెలలు కదలకుండా ఉంటే చాలు, కార్బ్యురేటర్‌లో పెట్రోల్ నిలిచే ఫ్లోట్ చాంబర్ అడుగున తెల్లటి పొడి పేరుకుంటుంది. పెట్రోల్‌లోని ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, ఆ నీరు అడుగుకు చేరి లోహాన్ని తింటుంది. భీమిలి గాలిలో తేమకు కొరత లేదు కదా.

ఆ పొడి మామూలు నడకకు పెట్రోల్ ఇచ్చే మెయిన్ జెట్ కన్నా, ఐడిలింగ్‌కు ఇచ్చే ఐడిల్ జెట్‌ను ముందు మూసేస్తుంది, ఎందుకంటే దాని రంధ్రం అర మిల్లీమీటరే. దాన్ని ఇనుప తీగతో పొడవకండి. ఇత్తడి మెత్తనిది, ఒక్క గీత పడినా కొలత మారిపోతుంది. కార్బ్యురేటర్ క్లీనర్‌లో ఒక రాత్రి నానబెట్టి కంప్రెసర్ గాలి కొట్టడమే సరైన పద్ధతి. కళ్లద్దాలు పెట్టుకుని కొట్టండి, ఆ ద్రవం ఏ రంధ్రంలోంచి ఎటు చిమ్ముతుందో చెప్పలేం.

కిట్టులోని యాక్సిలరేటర్ పంప్ డయాఫ్రమ్ (రబ్బరు పొర), చాంబర్ నిండగానే పెట్రోల్‌ను ఆపే నీడిల్ వాల్వ్ ఇథనాల్‌ను తట్టుకునే రకమో కాదో అమ్మినవారిని అడిగి తెలుసుకోండి. పాత నిల్వలోని రబ్బరు అయితే ఈ20 (ఇరవై శాతం ఇథనాల్ కలిపిన) పెట్రోల్‌లో ఉబ్బి మెత్తబడిపోతుంది. నాకు ఒక వేసవిలోనే అలా అయింది. ట్యాంకు నుంచి పంప్‌కు, పంప్ నుంచి కార్బ్యురేటర్‌కు వెళ్లే రబ్బరు గొట్టాలు కూడా మార్చేయండి.

పాలిటెక్నిక్_మాస్టారు | ఆదివారం, సాయంత్రం 5:15

కొలత సరిపోతుందా అన్న ప్రశ్నకు లెక్కతో జవాబు చెబుతాను, ఎందుకంటే ఈ విషయంలో వినికిడి మాటలే ఎక్కువగా తిరుగుతుంటాయి.

నాలుగు స్ట్రోకుల ఇంజిన్ రెండు చుట్లకు ఒకసారి తన సామర్థ్యమంత గాలిని పీలుస్తుంది. 1171 సీసీ ఇంజిన్ 5500 ఆర్‌పీఎమ్ దగ్గర, నింపుకునే శక్తిని 85 శాతంగా తీసుకుంటే, నిమిషానికి సుమారు 2,740 లీటర్ల గాలిని తీసుకుంటుంది. 32/36లో బటర్‌ఫ్లైల వ్యాసాలు 32, 36 మిల్లీమీటర్లు. కాని గాలి వేగాన్ని నిర్ణయించే వెంచురీలు (లోపలి ఇరుకు భాగాలు) సాధారణంగా 26, 27 మిల్లీమీటర్లే. ఈ కార్బ్యురేటర్‌లో గాలి వెళ్లే గొంతులు రెండు, వాటిలో రెండోది వెంటనే తెరుచుకోదు. మొదటిది సుమారు మూడింట రెండు వంతులు తెరుచుకున్నాకే లింకేజి రెండోదాన్ని లాగుతుంది.

ఊళ్లో 3000 ఆర్‌పీఎమ్ వరకు మొదటి గొంతు ఒక్కటే పని చేస్తే, 26 మిల్లీమీటర్ల వెంచురీలో గాలి సెకనుకు సుమారు 47 మీటర్ల వేగంతో వెళుతుంది. పెట్రోల్‌ను చక్కగా లాగి తుంపర చేయడానికి అది మంచి వేగం. అదే మనిషి 2000 ఆర్‌పీఎమ్ దగ్గర పెడల్‌ను నేలకు తొక్కి రెండు గొంతులూ తెరిస్తే వేగం 15 మీటర్లకు పడిపోతుంది. గాలి ఉంటుంది, పెట్రోల్ రాదు, బండి ఒక్క క్షణం ఊపిరి బిగపట్టినట్లు నిలబడిపోతుంది. అందుచేత ఈ కార్బ్యురేటర్ మీ ఇంజిన్‌కు పెద్దది అన్నది సగమే నిజం. కాలును అదుపులో పెట్టుకునేవారికి అది సరిపోతుంది.

జెట్ల సంగతి వేరు. ఇది తరచుగా 1600 నుంచి 2000 సీసీ ఇంజిన్ల కోసం తయారైన జెట్లతో వస్తుంది. మెయిన్ 140, ఎయిర్ కరెక్టర్ (గాలి పాలును దిద్దే జెట్) 170, 160, ఐడిల్ 60, 50 వంటివి కనబడితే ఆశ్చర్యపోకండి. ఈ అంకెలు మిల్లీమీటరులో నూరో వంతులు, అంటే 140 జెట్ రంధ్రం 1.40 మిల్లీమీటర్లు. మీకు ప్రైమరీ (మొదటి గొంతు) మెయిన్ 130 దగ్గర మొదలుపెట్టడం మంచిది. విప్పగానే అన్ని జెట్ల మీది అంకెలూ, అవి కూర్చున్న చోట్లూ కాగితం మీద రాసుకోండి.

మధురవాడ_118 | బుధవారం, రాత్రి 10:40

అందరికీ కృతజ్ఞతలు. మూడు రాత్రుల పని ఇది.

ఫ్లాంజ్ మీద గుర్తులున్నాయి, స్పెయిన్‌లో తయారైనది. షాఫ్ట్‌లో ఆట చాలా తక్కువ, అందువల్ల బటర్‌ఫ్లైల జోలికి పోలేదు. ఫ్లాంజ్ మాత్రం మేస్త్రి గారు చెప్పినట్లే రెండు మూలల్లో మాత్రమే మెరిసింది. సమానం కావడానికి గంటన్నర పట్టింది.

ప్రైమరీ మెయిన్ జెట్ మీద 140 అని ఉంది. మాస్టారు గారి మాట విని అనుమానం కలిగి 1.5 మిల్లీమీటర్ల డ్రిల్ బిట్టును వెనక వైపు నుంచి చేత్తో మెల్లగా దూర్చి చూశాను. అది సాఫీగా దూరింది. ఎవరో పాత యజమాని పికప్ కోసం ఆ జెట్‌ను పెద్దది చేసి ఉంటారు. అంకెను నమ్మి అలాగే వేసి ఉంటే ఎన్ని నెలలు తిప్పలు పడేవాడినో! కొత్తది 130 వేశాను, సెకండరీకి 140 ఉంచాను.

ఇత్తడి ఫ్లోట్‌ను 41 మిల్లీమీటర్లకు అమర్చాను. మూతను నిలువుగా పట్టుకుని, నీడిల్ వాల్వ్ చివరనున్న స్ప్రింగ్ బంతి నొక్కుకుపోకుండా కొలిచాను. మూతలోని పవర్ వాల్వ్ (ఇంజిన్ బరువు లాగేటప్పుడు అదనపు పెట్రోల్ ఇచ్చేది) డయాఫ్రమ్‌ను లోపలికి నొక్కి, గాలి రంధ్రాన్ని వేలితో మూసి ఉంచితే వెనక్కి రాకుండా నిలిచింది, కాబట్టి అది బాగున్నట్లే. థ్రాటిల్‌ను తిప్పితే ప్రైమరీ గొంతులోకి పెట్రోల్ సన్నని ధారగా తెగకుండా పడుతోంది.

కాని బండికి బిగించాక ఐడిలింగ్ నిలవడం లేదు. ఐడిల్ స్పీడ్ స్క్రూను మూడు చుట్లు లోపలికి తిప్పితే తప్ప ఇంజిన్ ఆగిపోతోంది. అలా తిప్పితే 1500 దగ్గర తిరుగుతూ హఠాత్తుగా 2000కు ఎగబాకుతోంది. ఐడిలింగ్‌లో పెట్రోల్ పాలును దిద్దే మిక్స్‌చర్ స్క్రూను పూర్తిగా మూసినా పెద్ద తేడా కనబడడం లేదు.

పెందుర్తి_కొత్త | బుధవారం, రాత్రి 11:05

ఐడిల్ జెట్ దగ్గర కరెంటు సోలినాయిడ్ (కరెంటుతో ఆ జెట్‌ను తెరిచే వాల్వ్) ఉన్నదేమో చూశారా అన్నా? మా మామయ్య బండిలో దానికి 12 వోల్టుల వైరు కలపడం మరిచిపోతే సరిగ్గా ఇలాగే అయింది.

మధురవాడ_118 | బుధవారం, రాత్రి 11:12

మంచి ప్రశ్న తమ్ముడూ. నాది సోలినాయిడ్ లేని, చేతి చోక్ రకం. జెట్ హోల్డర్ మామూలు ఇత్తడిదే, దాని రబ్బరు రింగు కొత్తది.

ఆటోనగర్_మేస్త్రి | గురువారం, ఉదయం 6:20

మిక్స్‌చర్ స్క్రూ మూసినా ఇంజిన్ తిరుగుతోందంటే రెండే కారణాలు. బటర్‌ఫ్లై ఎక్కువగా తెరుచుకుని పెట్రోల్ ఐడిల్ రంధ్రం నుంచి కాక దాని పై రంధ్రాల నుంచి వస్తోంది, లేదా కార్బ్యురేటర్ కింద ఎక్కడో గాలి లాగుతోంది. స్క్రూ మూడు చుట్లు తిప్పావు కాబట్టి మొదటిది ఎలాగూ ఉంది. దానికి మూలం మాత్రం రెండోదే అని నా నమ్మకం. ఆర్‌పీఎమ్ దానంతటదే ఎగబాకడం గాలి లాగుతున్నదానికి గుర్తు.

రెండు ముక్కల అడాప్టర్‌లో కింది ముక్కను మానిఫోల్డ్‌కు పట్టి ఉంచేవి మునిగిన తల స్క్రూలు. వాటి మీద పై ముక్క కూర్చుంటుంది, ఆ తరువాత అవి కంటికి కనబడవు. ఇంజిన్ వేడికి, అదురుకు అవే మొదట వదులవుతాయి. పైనున్న నాలుగు నట్లు ఎంత బిగించినా లాభం ఉండదు.

చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసి, అడాప్టర్ అతుకుల చుట్టూ కార్బ్యురేటర్ క్లీనర్‌ను చాలా కొద్దిగా చల్లి చూడు. ఒకచోట చల్లగానే ఇంజిన్ శబ్దం మారితే దొంగ అక్కడే ఉన్నాడు. ఈ ఇంజిన్‌లో ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ కూడా అదే పక్కన ఉంటుంది, కాబట్టి వేడి ఇంజిన్ మీద ఈ పని ఎంతమాత్రం చేయవద్దు. పక్కన మంటలార్పే సిలిండరు పెట్టుకో. ఇది నేను మాట వరసకు చెప్పడం లేదు తమ్ముడూ.

మధురవాడ_118 | శుక్రవారం, రాత్రి 9:30

మేస్త్రి గారూ, మీరు ఆటోనగర్‌లో కూర్చునే నా బండిని చూశారు. వెనక వైపు అతుకు దగ్గర చల్లగానే శబ్దం మారింది. విప్పి చూస్తే మునిగిన తల స్క్రూలలో రెండు వేళ్లతో తిరిగేంత వదులుగా ఉన్నాయి. అంతేకాక, కింది గ్యాస్కెట్ లోపలి అంచు గొంతులోకి రెండు మిల్లీమీటర్లు పొడుచుకు వచ్చి ఉంది. దాన్ని బ్లేడుతో సరిచేశాను. స్క్రూలు, రంధ్రాలు జిడ్డు లేకుండా తుడిచి, వేడిని తట్టుకునే లాక్‌టైట్ పూసి బిగించి, ఒక రాత్రి ఆరనిచ్చాను. బిగించే ముందు రెండు బటర్‌ఫ్లైలూ పూర్తిగా తెరుచుకుంటున్నాయో లేదో, అడాప్టర్‌కు ఎక్కడైనా తగులుతున్నాయో చేత్తో తిప్పి చూసుకున్నాను.

ఇప్పుడు 850 దగ్గర నిలబడుతోంది.

పాలిటెక్నిక్_మాస్టారు | శుక్రవారం, రాత్రి 10:15

చాలా సంతోషం. ఇక మెయిన్ జెట్ల వైపు చూడకుండా ముందు ఐడిల్‌ను పూర్తిగా సరిచేయండి. ఊళ్లో బండి గడిపే సమయంలో ఎక్కువ భాగం ఐడిల్ వలయం, దానినుంచి మెయిన్‌కు మారే పై రంధ్రాల మీదనే గడుస్తుంది.

స్పార్క్ పుట్టించే పాయింట్ల గ్యాప్, టైమింగ్ ముందుగా సరిచూసుకోండి. ఇగ్నిషన్ తప్పును కార్బ్యురేటర్‌తో దిద్దలేం. తరువాత ఇంజిన్ బాగా వేడెక్కాక ఐడిల్ స్పీడ్ స్క్రూను లివర్‌కు తగిలిన చోటు నుంచి ఒకటిన్నర చుట్టుకు మించకుండా పెట్టండి. మిక్స్‌చర్ స్క్రూను మూసిన చోటు నుంచి రెండు చుట్లు తెరిచి, మెల్లగా మూస్తూ ఇంజిన్ తడబడే చోటు వరకు వెళ్లి, తిరిగి తెరుస్తూ అది అత్యంత నిలకడగా తిరిగే చోట ఆపండి. మూసేటప్పుడు గట్టిగా బిగించవద్దు, కొస అరిగితే స్క్రూ పనికిరాదు.

ఇప్పుడు చుట్లు లెక్కపెట్టండి. ఒకటింపావు కన్నా తక్కువ చుట్ల దగ్గర బాగుందంటే ఐడిల్ జెట్ పెద్దది, మిశ్రమం చిక్కగా ఉంది. రెండున్నర దాటితే జెట్ చిన్నది, మిశ్రమం పలచగా ఉంది. స్క్రూ కేవలం తెలియజేస్తుంది, మందు జెట్‌లో ఉంటుంది.

మధురవాడ_118 | ఆదివారం, మధ్యాహ్నం 1:20

మాస్టారూ, మూడు చుట్లు దాటాక గాని నిలకడ రాలేదు. జెట్ మీద 50 అని ఉంది. 55 వేశాక రెండు చుట్ల దగ్గర చక్కగా కూర్చుంది. ఎండాడ నుంచి రుషికొండ దాకా వెళ్లి వచ్చాను. పెడల్ మెల్లగా తొక్కేటప్పుడు ఇదివరకు ఉన్న కుదుపు పోయింది.

ఇంకొక సమస్య మిగిలింది. బండి ఆపి పావుగంట తరువాత తీస్తే స్టార్ట్ కావడం లేదు. పెట్రోల్ వాసన గుప్పుమంటోంది. పెడల్ పూర్తిగా తొక్కి పట్టి చాలాసేపు తిప్పితే అందుకుంటోంది.

భీమిలి_పద్మిని | ఆదివారం, మధ్యాహ్నం 3:45

అది వేడి వల్ల వచ్చేదే. ఇంజిన్ ఆగగానే చల్లబరిచే గాలి, నీరు రెండూ ఆగిపోతాయి, ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ వేడి మాత్రం పైకి పాకుతూనే ఉంటుంది. ఫ్లోట్ చాంబర్‌లోని పెట్రోల్ మరిగి గొంతులోకి పొంగుతుంది. పాలు పొంగినట్లే అనుకోండి. అల్యూమినియం అడాప్టర్ ఆ వేడిని ఇంకా త్వరగా చేరవేస్తుంది.

అడాప్టర్‌కూ కార్బ్యురేటర్‌కూ మధ్య 8 లేదా 10 మిల్లీమీటర్ల బేకలైట్ దిమ్మ వేయించండి. దాని కింద పల్చటి అల్యూమినియం రేకును పళ్లెంలా అడ్డుపెట్టండి. దిమ్మ వేసేముందు ఎయిర్ క్లీనర్ మీద మట్టిముద్ద పెట్టి బానెట్ మూసి, ఎంత సందు మిగిలిందో చూసుకోండి. పంప్ ఒత్తిడిని కూడా కొలిపించండి. వెబర్‌కు 3.5 పీఎస్‌ఐ దాటితే నీడిల్ వాల్వ్ ఆపలేదు. అప్పుడు తప్పు వేడిదో ఒత్తిడిదో తెలియక తికమకపడతారు.

ఆటోనగర్_మేస్త్రి | ఆదివారం, రాత్రి 8:00

భీమిలి అమ్మ చెప్పింది అక్షరాలా నిజం. దిమ్మ వేశాక స్టడ్‌లు పొడవు చాలకపోతే కొత్తవి వేయించు, సగం దారం మీద నట్టు ఆపవద్దు.

మరొక మాట. ఈ20 పెట్రోల్‌కు మెయిన్ జెట్ ఒక మెట్టు పెంచడం నా అలవాటు. ఇక్కడి బండ్లకు అందరికీ అలాగే చేస్తున్నాను. 130 స్థానంలో 135 వేసి చూడు.

పాలిటెక్నిక్_మాస్టారు | ఆదివారం, రాత్రి 9:10

మేస్త్రి గారి అనుభవాన్ని గౌరవిస్తూనే ఇక్కడ కొంత విభేదిస్తాను. శుద్ధ పెట్రోల్ ఒక కిలో పూర్తిగా మండడానికి 14.7 కిలోల గాలి కావాలి, ఇథనాల్‌కు 9 కిలోలు చాలు. ఇరవై శాతం కలిపితే సుమారు 13.5 అవుతుంది. పది శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్‌తో పోలిస్తే తేడా నాలుగు శాతం మాత్రమే. 130 నుంచి 135కు వెళితే రంధ్రం వైశాల్యం దాదాపు ఎనిమిది శాతం పెరుగుతుంది, ఎందుకంటే వైశాల్యం వ్యాసం వర్గంతో పెరుగుతుంది. కాబట్టి ముందు కొలిచి, తరువాత మార్చాలి.

కొలవడానికి ఖరీదైన యంత్రం అవసరం లేదు. పొల్యూషన్ సర్టిఫికెట్ ఇచ్చే కేంద్రంలో కార్బన్ మోనాక్సైడ్ శాతం చూపిస్తారు. ఇలాంటి పాత పెట్రోల్ కార్లకు పరిమితి 3 శాతం. అది ఐడిల్ సంగతే చెబుతుంది. మెయిన్ జెట్ కోసం హైవే మీద స్థిరమైన వేగంతో పది నిమిషాలు నడిపి, క్లచ్ తొక్కి ఇంజిన్ ఆపి, పక్కన నిలిపి, ప్లగ్గులు తీసి చూడండి. తెల్లగా పొడిబారి ఉంటే పలచన, మసి పట్టి ఉంటే చిక్కన. ఇంజిన్ ఆపాక బ్రేకు బరువెక్కుతుంది, స్టీరింగ్ తాళం జోలికి పోవద్దు, రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడే చేయండి.

ఆటోనగర్_మేస్త్రి | ఆదివారం, రాత్రి 9:40

కొలిచి చేయడానికి నాకు అభ్యంతరం లేదు మాస్టారూ. ప్లగ్గులు తెల్లగా వస్తే మాత్రం నా మాట గుర్తు పెట్టుకో తమ్ముడూ.

మధురవాడ_118 | రెండు వారాల తరువాత, శనివారం

బేకలైట్ దిమ్మ, రేకు వేశాను. ఎండలో ఎన్‌ఏడీ జంక్షన్ దాటి వచ్చి, అరగంట ఆపి తీసినా ఇప్పుడు రెండో తిప్పుకే అందుకుంటోంది. పంప్ ఒత్తిడి 3 పీఎస్‌ఐ వచ్చింది.

పొల్యూషన్ కేంద్రంలో కార్బన్ మోనాక్సైడ్ 1.8 శాతం చూపింది. ఆనందపురం వైపు హైవే మీద నడిపి చూస్తే ప్లగ్గులు నాలుగూ తెల్లబారి వచ్చాయి. మేస్త్రి గారి అనుభవమే నెగ్గింది, 135 వేశాక లేత గోధుమ రంగుకు వచ్చాయి. అయితే కొలిచి మార్చడం వల్లనే ఎందుకు మార్చానో నాకు తెలిసింది, అందుకు మాస్టారు గారికి రుణపడి ఉన్నాను.

నిన్న అమ్మను తీసుకుని అరకు వెళ్లాను. అనంతగిరి ఘాట్ మధ్యలో పొగ వాసన కొంచెం చిక్కబడింది, ఐడిల్ బరువుగా తోచింది. తిరిగి శృంగవరపుకోట దిగేసరికి మామూలైంది.

పాలిటెక్నిక్_మాస్టారు | శనివారం, రాత్రి 9:00

అది సహజమే. అరకు సుమారు 900 మీటర్ల ఎత్తు. గాలి పలచబడినంతగా పెట్రోల్ తగ్గదు, మిశ్రమం నాలుగైదు శాతం చిక్కబడుతుంది. ఒక్క రోజు ప్రయాణానికి జెట్లు మార్చవలసిన అవసరం లేదు.

సీతమ్మధార_అంబాసిడర్ | శనివారం, రాత్రి 9:25

బాబూ, మొదట వద్దన్నవాణ్ని నేనే. ఓపికగా చేశావు. థ్రాటిల్‌కు రెండో రిటర్న్ స్ప్రింగ్ వేశావా? పాత లింకేజి కొత్త కార్బ్యురేటర్‌కు కలిపినప్పుడు ఒక్క స్ప్రింగ్ మీద ఆధారపడకూడదు. అది తెగితే ఘాట్ మీద పెడల్ వెనక్కి రాదు.

మధురవాడ_118 | శనివారం, రాత్రి 9:40

వేయలేదు సార్, ఒక్కటే ఉంది. రేపు ఉదయమే వేస్తాను, అప్పటిదాకా బండి బయటకు తీయను.

భీమిలి_పద్మిని | శనివారం, రాత్రి 9:58

స్ప్రింగ్ వేశాక ఆ బేకలైట్ దిమ్మ కొలతలు, బోల్టు రంధ్రాల మధ్య దూరం ఇక్కడ రాయండి. నాకు తెలిసిన మరో 118ఎన్‌ఈ యజమాని తగరపువలసలో ఇదే పని మొదలుపెట్టబోతున్నారు.